గిజ్‌డోడో ఇంట్లో వండాలి: కందనకాయలు, ప్లాంటెయిన్, కారం గుజ్జు... ఏది ముందు, ఏది వెనక?

కొత్తగా_లాగోస్ (ఇకెజా, లాగోస్)

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. ఉద్యోగం మీద లాగోస్ వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. ఈమధ్య ఆఫీసులో మిత్రుడి చెల్లెలి పెళ్ళికి వెళ్ళాను. నైజీరియాలోని యొరుబా జాతివాళ్ళ ఇలాంటి పెద్ద వేడుకల్ని ఇక్కడ ఒవాంబే అంటారు. చుట్టాలంతా ఒకే రకం గుడ్డ కుట్టించుకుని వస్తారు, పాట ఆగదు, వడ్డన ఆగదు. జొలోఫ్ రైస్ (టమాటా, మిరప గుజ్జుతో వండే ఎర్రటి అన్నం) పక్కన చిన్న గిన్నెలో గిజ్‌డోడో పెట్టారు. కందనకాయ ముక్కలు, పండిన ప్లాంటెయిన్ (వండుకునే పెద్ద రకం అరటి) వేయించిన ముక్కలు, వాటికి పట్టిన ఎర్రటి కారం గుజ్జు. తీపి ముందు తగిలి, దాని వెనకే కారం వస్తుంది. చాలా నచ్చింది.

వచ్చే ఆదివారం నలుగురు స్నేహితుల్ని భోజనానికి పిలిచాను, ఇదే వండాలని ఉంది. వీడియోలు చూస్తే ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. ఒకరు కందనకాయలు ఉడికించి నేరుగా గుజ్జులో వేస్తున్నారు, ఇంకొకరు ఉడికించాక మళ్ళీ నూనెలో వేయిస్తున్నారు. టమాటా వేసేవాళ్ళు వేస్తున్నారు, అసలు వద్దనేవాళ్ళు వద్దంటున్నారు. ప్లాంటెయిన్ ఎంత పండాలో కూడా తేలడం లేదు. ఇక్కడ ఎన్నాళ్ళుగానో ఉంటున్న పెద్దవాళ్ళు చెబితే టెన్షన్ లేకుండా మొదలుపెడతాను.

ఇలుపేజు_అత్తమ్మ (లాగోస్)

బాబూ, వంట సంగతి తర్వాత. కందనకాయలు ఎక్కడ కొంటున్నావు? ఇక్కడ కోడివీ దొరుకుతాయి, టర్కీ కోడివీ దొరుకుతాయి. టర్కీవి పెద్దవి, గట్టివి, రుచి బాగానే ఉంటుంది కానీ ఉడకడానికి చాలా టైం పడుతుంది. రెండూ కలిపి ఒకే గిన్నెలో పెట్టకు. చిన్నవి చితికిపోయేసరికి పెద్దవి ఇంకా రబ్బరులా సాగుతుంటాయి. మొదటిసారి కాబట్టి కోడివే తీసుకో.

ఒక్కోటీ విప్పి చూడు. లోపల పసుపు పొర ఉంటే గోటితో లాగి తీసెయ్. కోడికి పళ్ళుండవు కదా, తిన్న గింజల్ని ఇసుక రేణువులతో కలిపి అరగదీసే గట్టి తొడుగు అది. ఎంత ఉడికించినా మెత్తబడదు. అంచుల్లో అంటుకున్న కొవ్వు కూడా కోసెయ్. తర్వాత రాళ్ళ ఉప్పు, నిమ్మరసం వేసి బాగా రుద్ది, గిన్నెలో నీళ్ళు పోసి రెండు మూడుసార్లు కడుగు. కుళాయి ధార కింద పెడితే ఆ నీళ్ళు సింకు చుట్టూ, పక్కనున్న గిన్నెల మీదా చిమ్ముతాయి. పచ్చి కోడిమాంసం నీళ్ళు కదా, జాగ్రత్త.

కందనకాయ_ప్రియుడు (వరంగల్)

కందనకాయలు అన్న మాట చూసి లోపలికి వచ్చిన. మా ఇంట్ల కోడి కోస్తే కందనకాయ కోసం పిల్లలం కొట్లాడుకునేటోళ్ళం. మేం చేసే పద్ధతి చెప్తా అన్నా. కుక్కర్ల పసుపు, ఉప్పు వేసి ఉడకబెట్టు. కడాయిల ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి, ధనియాల పొడి, మిరియాలు, ఆఖరుకు గరం మసాలా, కొత్తిమీర. మస్తుగ ఉంటది. దాంట్లనే అరటిపండు ముక్కలు వేయించి కలిపితే నీ వంటకం అయిపోయినట్టే కదా?

ఇబాదాన్_కోడలు (ఇబాదాన్)

అన్నా, మీరు చెప్పిన వేపుడు నాకూ ఇష్టమే, ఇంట్లో చేస్తుంటాను. కానీ దానికి ప్లాంటెయిన్ కలిపితే గిజ్‌డోడో అవదు. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, కొత్తగా_లాగోస్ గారికి కూడా పనికొస్తుంది. మా అత్తగారు యొరుబా. ఈ వంట ఆవిడ పక్కన నిలబడి నేర్చుకున్నాను కాబట్టి కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

ఈ వంటలో మూడు భాగాలున్నాయి. ఉడికించి వేయించిన కందనకాయలు, దోరగా వేయించిన పండు ప్లాంటెయిన్, నూనె తేలేదాకా మగ్గిన కారం గుజ్జు. మూడూ విడివిడిగా పూర్తవ్వాలి, చివర్లో మాత్రమే కలవాలి. ఒకే కడాయిలో ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోతే కందనకాయ చప్పగా ఉంటుంది, ప్లాంటెయిన్ ముద్దవుతుంది, గుజ్జు పచ్చివాసన కొడుతుంది. నలుగురికి నేను వేసే లెక్క ముప్పావు కిలో కందనకాయలు, మూడు పెద్ద ప్లాంటెయిన్లు.

కందనకాయలకి చారెడు ఉల్లిపాయ ముక్కలు, దంచిన అల్లం, రెండు వెల్లుల్లి రెబ్బలు, అర చెంచా థైమ్ (వాసన కోసం వేసే ఎండు ఆకు), అర చెంచా కర్రీ పౌడర్, ఒక మసాలా క్యూబ్, కొద్దిగా ఉప్పు పట్టించి ముందు నీళ్ళు పోయకుండా మూతపెట్టి సన్న సెగ మీద ఐదారు నిమిషాలు ఉంచండి. వాటిలోంచే నీళ్ళు ఊరతాయి, మసాలా లోపలికి వెళుతుంది. అప్పుడు ముక్కలు మునిగేంత నీళ్ళు పోసి ఉడికించండి. మామూలు గిన్నెలో అయితే ముప్పావు గంట పడుతుంది. గోటితో గుచ్చితే దిగాలి, అయినా ముక్క విడిపోకూడదు. ఆ ఉడికిన నీళ్ళు పారబోయకండి. గుజ్జుకి రుచి అక్కడి నుంచే వస్తుంది.

ముక్కల్ని వడకట్టి, పెద్దవాటిని రెండుగా కోసి, తడి లేకుండా ఆరబెట్టి నూనెలో వేయించండి. పైన గోధుమరంగు వస్తే చాలు, ఎక్కువ వేయిస్తే ఉడికించిన కష్టమంతా పోయి మళ్ళీ గట్టిపడతాయి. తడి ఉంటే నూనె మొహం మీదకి చిమ్ముతుంది, చాలా జాగ్రత్త.

గుజ్జుకి నాలుగు టటాషే, ఒకటో రెండో అటా రోడో, ఒక పెద్ద ఉల్లిపాయ. టటాషే అంటే కాస్త పొడుగ్గా కోసుగా ఉండే ఎర్ర మిరప. కారం తక్కువ, రంగు ఎక్కువ. అటా రోడో చిన్నది, ముడతలు ముడతలుగా ఉంటుంది. కారం అంతా దానిదే, వాసన కూడా. మరీ మెత్తగా రుబ్బకండి, పలుకుగా ఉండాలి. ముందు నూనె లేకుండా గిన్నెలో పెట్టి నీళ్ళు ఇగిరేదాకా ఉడికించండి. తర్వాత అరకప్పు వేరుశనగ నూనెలో సన్నగా తరిగిన ఉల్లిపాయ వేయించి, ఈ ఇగిరిన ముద్ద వేసి, మళ్ళీ కొంచెం థైమ్, కర్రీ పౌడర్, ఇంకో క్యూబ్ వేసి కలుపుతూ ఉండండి. నిల్వ పచ్చడి మగ్గినప్పుడు నూనె ఎలా పైకి తేలుతుందో అలా తేలాలి, అదే గుర్తు. అంతదాకా తొందరపడొద్దు. అప్పుడు కందనకాయలు ఉడికిన నీళ్ళు ఒక గరిటెడు, కందనకాయలు, పెద్ద ముక్కలుగా కోసిన ఆకుపచ్చ క్యాప్సికమ్, ఉల్లి రేకలు వేసి మూడు నాలుగు నిమిషాలు. క్యాప్సికమ్ కరకరలాడుతూ ఉండగానే స్టవ్ ఆపి, ప్లాంటెయిన్ ముక్కలు వేసి కింది నుంచి పైకి మెల్లగా తిప్పండి.

గరం మసాలా సంగతి. లవంగం, దాల్చినచెక్క వాసన వచ్చిందంటే థైమ్ కనబడకుండా పోతుంది. నైజీరియాలో కూరలకీ, రైస్‌కీ, మాంసం ఉడికించడానికీ థైమ్, కర్రీ పౌడర్ జోడీగా వాడతారు. ఆ కర్రీ పౌడర్ కూడా మన మసాలాల్లా ఘాటుగా ఉండదు, పసుపు పాలు ఎక్కువ. ఈ వంటకి ఆ జోడీయే ఆధారం. అది తీసేస్తే మిగిలేది మన కూరే.

కందనకాయ_ప్రియుడు (వరంగల్)

అర్థమైంది అక్కా. మంచిగ చెప్పినవ్. గరం మసాలా పక్కకు పెడతా. కానీ ఉడికినంక మళ్ళ వేయించుడు ఎందుకు? మెత్తగ అయినయి కదా, నేరుగా గుజ్జుల వేస్తే నూనె కూడా తగ్గుతది.

ఇబాదాన్_కోడలు (ఇబాదాన్)

ఉడికిన కందనకాయ పైన నునుపుగా, జారుడుగా ఉంటుంది అన్నా. గుజ్జు దానికి పట్టదు, గిన్నె అడుక్కి జారిపోతుంది. వేయిస్తే పైన చిన్న గరుకు పొర వస్తుంది, గుజ్జు అక్కడ పట్టుకుంటుంది. వేయించిన వాసన కూడా వేరు. నూనె వద్దనుకుంటే ఓవెన్లో 200 డిగ్రీల్లో పావుగంట నుంచి 20 నిమిషాలు ఉంచండి, మధ్యలో ఒకసారి తిప్పండి. ఇక్కడ కేటరింగ్‌వాళ్ళు కూడా కొందరు అలా కాలుస్తారు. నూనెలో వేయించినదే నాకు ఎక్కువ ఇష్టం కానీ ఇదీ బాగానే వస్తుంది.

పెక్హామ్_కుర్రాడు (లండన్)

నేను దక్షిణ లండన్‌లో పెక్హామ్ దగ్గర ఉంటాను. రై లేన్ పొడుగునా నైజీరియా దుకాణాలే. ప్లాంటెయిన్, అటా రోడో, గడ్డకట్టిన కందనకాయలు అన్నీ అక్కడే దొరుకుతాయి. మా ఇంట్లో పైఅంతస్తులో ఉండే లాగోస్ అబ్బాయి, నేను కలిసి వండుకుంటాం. అక్క చెప్పిన దాంతో నూటికి తొంభై పాళ్ళు ఏకీభవిస్తాను. ఒక్క టమాటా విషయంలో మాత్రం కాదు. మా వాడు నాలుగు మిరపకాయలకి ఒక టమాటా వేస్తాడు. కొంచెం పులుపు లేకపోతే ప్లాంటెయిన్ తీపి మొహం మొత్తుతుందని నా అభిప్రాయం కూడా.

ఇంకోటి. అటా రోడో కోసేటప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకోండి, లేదా కోయకుండా నేరుగా మిక్సీలో వేయండి. గుంటూరు మిరప తిని పెరిగాం మాకేంటి అనుకోవద్దు. ఇది వేరే జాతి మిరప, హబనేరోకి చుట్టం. ఆ చేత్తో కన్ను తుడుచుకుంటే ఆ సాయంత్రం అయిపోయినట్టే.

ఇబాదాన్_కోడలు (ఇబాదాన్)

ఒక టమాటాకి నేనేం అడ్డు చెప్పను తమ్ముడూ. కొందరిళ్ళలో వేస్తారు. కాకపోతే నీళ్ళు ఎక్కువ, ఇగరడానికి ఇంకో పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు ఓపిక పట్టలేనివాళ్ళే వేసి పాడుచేస్తున్నారు. గింజలు తీసేసి వేస్తే మంచిది.

కొత్తగా_లాగోస్ (ఇకెజా, లాగోస్)

అక్కా, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. ప్లాంటెయిన్ గురించి కూడా చెప్పండి. మా వీధి చివర బండి మీద పచ్చవి, పసుపువి, నల్లబడ్డవి మూడు రకాలూ పెట్టి అమ్ముతున్నారు. ఏవి తేవాలి? ముక్కలు విరగకుండా, నూనె పీల్చకుండా ఎలా వేయించాలి?

ఇలుపేజు_అత్తమ్మ (లాగోస్)

దీనికి నేను చెబుతాను. ఇక్కడ ప్రతి దశకీ ఒక వంట ఉంది బాబూ. పచ్చివాటిని పల్చగా కోసి చిప్స్ చేస్తారు, వాటిని ఇపెకెరే అంటారు. కాస్త పండినవాటిని బొగ్గుల మీద కాల్చి అమ్మేది బోలి. సాయంత్రం పూట వీధి మూలల్లో ఆడవాళ్ళు కాలుస్తూ కనిపిస్తారు చూడు, వేరుశనగ గుళ్ళతో తింటారు. పోర్ట్ హార్కోర్ట్ వైపు అయితే కాల్చిన చేపతో. పూర్తిగా నల్లబడి చేత్తో నొక్కితే లోపలికి వెళ్ళిపోయేవాటిని కూడా పారేయరు. ఒషున్ రాష్ట్రంలో ఇకిరె అనే ఊరి పేరు మీద దోదో ఇకిరె అని ఒకటుంది (దోదో అంటే వేయించిన పండు ప్లాంటెయిన్). బాగా మిగలపండిన ప్లాంటెయిన్‌ని కారంతో కలిపి నల్లగా వేయిస్తారు. దారిలో ఎప్పుడైనా దొరికితే వదలకు.

నీకు కావలసింది వీటి మధ్యది. తొక్క మొత్తం పసుపు, మీద నల్ల చుక్కలు, చారలు. నొక్కితే కొంచెం లొంగాలి, వేలు దిగిపోకూడదు. పండేకొద్దీ లోపలి పిండి చక్కెరగా మారుతుంది కదా, పచ్చగా ఉంటే తీపి రాదు, మరీ పండితే ముక్క నిలవదు. పైగా చక్కెర ఎక్కువైతే లోపల వేగకముందే పైన మాడుతుంది.

రెండు చివర్లూ కోసి, తొక్క మీద పొడుగునా ఒక గాటు పెట్టి విప్పు. గిజ్‌డోడోకి ఏటవాలు చక్రాలు కాదు, పాచికల్లాంటి ముక్కలు. అరంగుళం కన్నా చిన్నవి చేయకు. చిటికెడు ఉప్పు చల్లు, అంతే. నూనె బాగా కాగాక, ఒక ముక్క వేస్తే వెంటనే చుట్టూ బుడగలు రావాలి. నూనె చల్లగా ఉంటేనే పీల్చుకుంటుంది. కడాయి నిండా ఒకేసారి కుమ్మరించకు, నూనె వేడి పడిపోతుంది. వేసిన వెంటనే గరిటె పెట్టకు, కింద పక్క గట్టిపడేదాకా ఆగి అప్పుడు తిప్పు. ముదురు బంగారు రంగుకి తీసి చిల్లుల గిన్నెలో వేయి. కాగితం మీద పోగులా పోస్తే ఆవిరికి మెత్తబడతాయి.

ఇంకొక మాట, ప్లాంటెయిన్ ముందు వేయించు, అదే నూనెలో కందనకాయలు తర్వాత. తిరగేస్తే అరటి ముక్కలకి మాంసం వాసన పడుతుంది.

బంజారా_వంటిల్లు (హైదరాబాద్)

నేను లాగోస్‌లో కొన్నేళ్ళు ఉండి తిరిగి వచ్చేశాను. పిల్లలు ఇప్పటికీ దోదో అడుగుతారు. ఇక్కడ ప్లాంటెయిన్ అని అడిగితే కూర అరటికాయ చూపిస్తారు. అది పండబెట్టి వాడొచ్చా? చక్కెరకేళితో చేస్తే నిలుస్తుందా? ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్పండి.

కోనసీమ_రైతు (రావులపాలెం దగ్గర)

అమ్మా, అరటి గురించి కాబట్టి నేను మాట్లాడొచ్చు. మా దగ్గర కర్పూర, చక్కెరకేళి, అమృతపాణి, బొంత ఇవీ ఎక్కువ. చక్కెరకేళి, అమృతపాణి పండుగా తినడానికి పుట్టినవి. గుజ్జు సున్నితం, నూనెలో వేస్తే ముక్క కరిగిపోతుంది. కర్పూర కూడా అంతే. బొంత కూర అరటి. పచ్చిగా వేపుడుకి, బజ్జీకి బ్రహ్మాండం. పండబెడితే తీపి వస్తుంది కానీ గుజ్జు జిగటగా ఉంటుంది, మీరు లాగోస్‌లో తిన్న రుచి రాదు. ఎందుకంటే బొంత అసలు ప్లాంటెయిన్ కుటుంబంలోది కాదు.

మీకు కావలసింది నేంద్రం. కేరళవాళ్ళు చిప్స్‌కి వాడేది, పండిన దాంతో పళంపొరి అనే అరటిపండు బజ్జీ వేసేది అదే. అది అసలైన ప్లాంటెయిన్ వర్గంలోదే. కాయ పొడుగ్గా, కోణాలు తేలి, తొక్క మందంగా ఉంటుంది. హైదరాబాద్‌లో కేరళ సరుకుల దుకాణాల్లో దొరుకుతుంది. పచ్చిది దొరికితే బియ్యం డబ్బాలో పెట్టండి, వారం లోపు రంగు తిరుగుతుంది. పండకముందు ఫ్రిజ్‌లో పెట్టకండి. చలికి తొక్క నల్లబడుతుంది కానీ లోపల పండదు, నల్లబడింది కదా అని కోస్తే పిండి పిండిగా ఉంటుంది.

బంజారా_వంటిల్లు (హైదరాబాద్)

చాలా ఉపయోగపడే మాట చెప్పారండీ. నేంద్రం పేరు తెలుసు కానీ ఇన్నాళ్ళూ చిప్స్ వరకే అనుకున్నాను. మిరపకాయల విషయంలో నేను చేసేది కూడా చెబుతాను. టటాషే బదులు ఎర్ర క్యాప్సికమ్ సరిపోతుంది, రంగుకి రెండు నానబెట్టిన బ్యాడిగి మిర్చి కలుపుతాను. అటా రోడో వాసనకి మాత్రం మన మిరపకాయలు ఏవీ సరిపోవు. ఈశాన్య రాష్ట్రాల భూత్ జొలోకియా ఆ జాతికి దగ్గరిది. ఎండుది దొరికితే గోరంత ముక్క చాలు, కుటుంబం మొత్తానికి.

థైమ్ ఎండుది సూపర్ మార్కెట్లో ఉంటుంది. లేకపోతే కుండీలో వామాకు ఉందా? మందపాటి ఆకు, దగ్గుకి కషాయం పెట్టేది. థైమ్‌కి ఆ వాసన ఇచ్చే పదార్థం వాములోనూ వామాకులోనూ ఉంది. కరీబియన్ దీవుల్లో ఈ ఆకునే థైమ్ స్థానంలో వాడతారు. సన్నగా తరిగి రెండు ఆకులు వేయండి, అంతకు మించితే ఘాటు. వాము గింజలు మాత్రం వద్దు, జంతికల వాసన వస్తుంది.

ఇబాదాన్_కోడలు (ఇబాదాన్)

వామాకు సంగతి నాకు తట్టలేదు, చాలా మంచి ఆలోచన. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు అమ్మ వాళ్ళకి అలాగే వండి పెడతాను.

శాకాహారి_విశాఖ (విశాఖపట్నం)

మా అన్నయ్య అబుజాలో ఉంటారు, వదిన శాకాహారి. పార్టీలకి వెళితే ఆవిడకి తినడానికి ఏమీ ఉండదని బాధపడతారు. ఇందులో కందనకాయలు లేకుండా ఏదైనా దారి ఉందా? పుట్టగొడుగులు వేయొచ్చా?

ఇలుపేజు_అత్తమ్మ (లాగోస్)

పుట్టగొడుగులు బాగుంటాయమ్మా. నీళ్ళు ఇగిరేదాకా పెద్ద సెగ మీద వేయించి వేయాలి. కానీ నన్నడిగితే ఏ బదులూ అక్కర్లేదు. ప్లాంటెయిన్ విడిగా వేయించి, పక్కన ఆ కారం గుజ్జు క్యూబ్ వేయకుండా చేసుకుంటే చాలు. క్యూబుల్లో చాలావాటిలో మాంసం సారం ఉంటుంది, ప్యాకెట్ చదివి కొనమని చెప్పు. ఇక్కడ బొబ్బర్లు కూడా బాగా తింటారు. మెత్తగా ఉడికించిన బొబ్బర్లు, దోదో కలిపి పెడితే కడుపునిండా భోజనం. బయట తినేటప్పుడు మాత్రం బొబ్బర్లలో పామాయిల్‌తో పాటు ఎండురొయ్యల పొడి పడే అవకాశం ఉంది, అడిగి తినాలి. పార్టీల్లో స్మాల్ చాప్స్ అని పఫ్ పఫ్, స్ప్రింగ్ రోల్, సమోసా కలిపి ఇస్తారు. ఆ సమోసాలో కూడా మాంసమే ఎక్కువ. పఫ్ పఫ్ మాత్రం మన తీపి బొండా లాంటిది, అది నిశ్చింతగా తినొచ్చు.

పథ్యం_గుంటూరు (గుంటూరు)

నేను పోషకాహారం చదువుకున్నాను, ఒక జాగ్రత్త చెప్పి వెళతాను. కందనకాయలో ప్రొటీన్ ఎక్కువ, కొవ్వు తక్కువ, ఇనుము, జింక్, బి12 బాగా ఉంటాయి. మంచి ఆహారమే. కానీ కొలెస్ట్రాల్, ప్యూరిన్లు కూడా ఎక్కువ. గౌట్ ఉన్నవాళ్ళు, యూరిక్ యాసిడ్ మందులు వాడుతున్నవాళ్ళు డాక్టర్‌ని అడిగి తినాలి. షుగర్ ఉన్నవాళ్ళు పండు ప్లాంటెయిన్ లెక్కపెట్టుకోవాలి, అది వేయించిన పిండి పదార్థమే కదా. దాని పక్కన మళ్ళీ పళ్ళెం నిండా అన్నం అక్కర్లేదు. క్యూబులు వేసినప్పుడు ఉప్పు సగానికి తగ్గించండి, వాటిలోనే చాలా ఉంటుంది.

కందనకాయ_ప్రియుడు (వరంగల్)

అక్కా, ఇంకొక్క మాట. మా దిక్కు కోడి కోస్తే కందనకాయ పిల్లలకు పోతది. అక్కడ ఎవరికి పెడతరు?

ఇబాదాన్_కోడలు (ఇబాదాన్)

పాత పద్ధతిలో ఇంటి పెద్దాయనకి అన్నా. కోడికి ఒక్క కందనకాయే ఉంటుంది కదా, అది తండ్రి పళ్ళెంలోకే వెళ్ళేది. మా మామగారికి ఇప్పటికీ అదే అలవాటు, కోడి వండిన రోజు ఆయన కోసం పక్కన పెడతాం. ఆయన కొరికి సగం మా చిన్నదానికి ఇస్తారు. గిజ్‌డోడోలో ఆ ఇబ్బంది లేదు. కిలోల లెక్కన కొంటాం కాబట్టి పెద్దలకీ పిల్లలకీ, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ అందరికీ వస్తుంది. నాకు ఈ వంట మీద ఇంత ప్రేమ ఉండటానికి అది కూడా ఒక కారణం.

కొత్తగా_లాగోస్ (ఇకెజా, లాగోస్)

వండేశాను. కందనకాయలు గిన్నెలోనే ఉడికించాను, గోరు దిగడానికి దాదాపు గంట పట్టింది. గుజ్జు దగ్గర అక్క చెప్పినట్టు నూనె తేలేదాకా నిలబడ్డాను. అంత ఎర్ర రంగు వస్తుందని అనుకోలేదు. వచ్చినవాళ్ళలో ఇద్దరు యొరుబావాళ్ళే, రెండోసారి అడిగి వడ్డించుకున్నారు. కొంచెం మిగిలింది. మర్నాడు చూస్తే కందనకాయలు ఇంకా రుచిగా ఉన్నాయి, ప్లాంటెయిన్ మాత్రం గుజ్జు పీల్చేసి మెత్తబడింది. అందుకని మిగిలేలా ఉంటే ప్లాంటెయిన్ విడిగా ఉంచమని నా మాట.

హ్యూస్టన్_అమ్మ (హ్యూస్టన్)

ఈ చర్చ మొత్తం కూర్చుని చదివాను. ఇక్కడ నైజీరియావాళ్ళు చాలామంది ఉన్నారు, మా పాప క్లాసులోనే ముగ్గురు పిల్లలు. వచ్చే నెల పాప పుట్టినరోజుకి వాళ్ళ తల్లిదండ్రులతో కలిపి 30 మంది వస్తున్నారు. జొలోఫ్ రైస్ బయట చెబుతున్నాను, గిజ్‌డోడో నేనే చేద్దామని. కొలతలు, ఏ రోజు ఏది చేయాలో చెబుతారా? పిల్లలకి కారం ఎలా?

ఇలుపేజు_అత్తమ్మ (లాగోస్)

తప్పకుండా అమ్మా. పక్కన రైస్ ఉంది కాబట్టి 30 మందికి నాలుగు కిలోల కందనకాయలు చాలు. ఉడికి, వేగేసరికి బాగా తగ్గుతాయి, చూసి భయపడకు. ప్లాంటెయిన్లు పదిహేను, పెద్దవి. అవి వారం ముందే పచ్చగా ఉన్నవి కొని ఇంట్లో పండనివ్వు, ఆ రోజే కొందామంటే సరైన పండు దొరకకపోవచ్చు. తొందరగా పండాలంటే కాగితం సంచిలో ఒక ఆపిల్‌తో పాటు కట్టి పెట్టు.

ముందు రోజు కందనకాయలు ఉడికించి, ఆ నీళ్ళతో పాటు ఫ్రిజ్‌లో పెట్టేయ్. గుజ్జు కూడా ముందు రోజే, కానీ రెండు వాయిలుగా చేయి. ఒకే గిన్నెలో అంత గుజ్జు పెడితే ఉడుకుతుందే గానీ వేగదు. ఒక వాయి టటాషే బదులు ఎర్ర క్యాప్సికమ్‌తోనే, అటా రోడో లేకుండా చేస్తే అది పిల్లలది.

పిల్లలకి పుల్లలకి గుచ్చి ఇవ్వు. ఇక్కడ పార్టీల్లో అలా కూడా ఇస్తారు. ఒక కందనకాయ, ఒక ప్లాంటెయిన్ ముక్క, ఒక క్యాప్సికమ్ రేకు, మళ్ళీ అదే వరస. మీద గుజ్జు కొంచెం రాస్తే చాలు. పుల్ల మొన కత్తెరతో కత్తిరించి ఇవ్వు.

పార్టీ రోజు పొద్దున కందనకాయలు బయటికి తీసి తడి ఆరనిచ్చి, అతిథులు రావడానికి రెండు గంటల ముందు ప్లాంటెయిన్ వేయించడం మొదలుపెట్టు. పదిహేను కాయలంటే వాయిలు చాలానే పడతాయి, ఒక మనిషిని తోడు పెట్టుకో. వేగిన ముక్కల్ని 100 డిగ్రీల (సెల్సియస్) ఓవెన్లో ట్రేలో పరిచి మూత లేకుండా ఉంచు. తర్వాత కందనకాయలు వేయించు, గుజ్జు బాగా వేడిచేసి వాటిని కలుపు. ప్లాంటెయిన్ మాత్రం వడ్డించే ట్రేలోనే, జనం బల్ల దగ్గరికి వచ్చాక కలుపు.

హ్యూస్టన్_అమ్మ (హ్యూస్టన్)

రాసి పెట్టుకున్నాను అత్తమ్మా. కందనకాయలు ఈ వారమే కొని డీప్ ఫ్రీజర్లో పెట్టొచ్చా?

ఇలుపేజు_అత్తమ్మ (లాగోస్)

పెట్టొచ్చు. శుభ్రం చేసి, కిలో కిలోగా సంచుల్లో కట్టి పెట్టు. వండే ముందు రోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చు, బయట పెట్టి కరిగించకు.